పబ్లిక్ వైఫైలో మీ ఫోల్డర్లు ఎవరికి కనిపిస్తున్నాయి? లాప్‌టాప్ తెరిచే ముందు చూసుకోవాల్సినవి ఇవీ

సికింద్రాబాద్ స్టేషన్‌లో కూర్చున్నారు అనుకుందాం. రైలు గంటన్నర ఆలస్యం. ఫోన్‌లో ఆ రోజు డేటా అయిపోవచ్చింది. లాప్‌టాప్ తీసి స్టేషన్ వైఫైకి కనెక్ట్ అయ్యారు. మొబైల్ నంబరు, ఓటీపీ కొట్టగానే నెట్ వచ్చింది. మెయిల్ చూసుకున్నారు, ఆఫీసుకు పంపాల్సిన ఫైలు పంపారు, లాప్‌టాప్ మూసి బ్యాగులో పెట్టారు. ఏమీ జరగలేదు.

జరగలేదనే అనుకుంటాం. కానీ అదే లాప్‌టాప్‌లో ఆరు నెలల కిందట ఆఫీసులో పక్క సీటు వాళ్ల కోసం షేర్ చేసిన ఫోల్డర్ ఒకటి ఉంది. తర్వాత అందులోనే ఇంట్లోవాళ్ల ఆధార్, పాన్ కాపీలు, పదో తరగతి మెమోలు, ఊళ్లో పొలం పాస్‌బుక్ స్కాన్ కూడా పడేశారు. స్టేషన్‌లో ఉన్న ఆ కాసేపు ఆ ఫోల్డర్ పక్కవాళ్లకు కనిపించిందా, లేదా? ఈ ప్రశ్నకు మనలో చాలామంది దగ్గర జవాబు ఉండదు.

పబ్లిక్ వైఫై వాడితే బ్యాంకు పాస్‌వర్డు కొట్టేస్తారన్న హెచ్చరిక అందరం విన్నదే. మన చేతులతో మనమే షేర్ చేసి మరిచిపోయిన ఫైళ్ల గురించి మాత్రం పెద్దగా మాట్లాడుకోం. అసలు ఆ ఫైళ్లు బయటికి ఎలా కనిపిస్తాయి? ఆపడం ఎలా? ఒక్కొక్కటిగా చూద్దాం.

పబ్లిక్ వైఫై అంటే రైల్వే స్టేషన్ ఒక్కటేనా?

కాదు. స్టేషన్లలో రైల్‌టెల్ సంస్థ ‘రైల్‌వైర్’ పేరుతో ఇస్తున్న వైఫై మనకు బాగా తెలిసినది. 2016 జనవరిలో ముంబై సెంట్రల్ స్టేషన్‌తో మొదలైన ఈ సేవ ఇప్పుడు 6,100కు పైగా స్టేషన్లలో ఉంది. రోజుకు మొదటి అరగంట ఉచితం. ఇక 2020 డిసెంబరులో కేంద్ర కేబినెట్ ఆమోదించిన ‘పీఎం-వాణి’ పథకం కింద కిరాణా కొట్టు, టీ కొట్టు నడిపేవాళ్లు కూడా లైసెన్సు లేకుండానే జనానికి వైఫై అందించవచ్చు.

వీటికి తోడు కాఫీ షాపులు, విమానాశ్రయాలు, ఆసుపత్రులు, లాడ్జీలు, కోచింగ్ సెంటర్లు ఉండనే ఉన్నాయి. అమీర్‌పేటలోనో, విజయవాడలోనో హాస్టల్‌లో ఉంటున్నారా? ఆ వైఫై కూడా ఈ లెక్కలోకే వస్తుంది. ‘దానికి పాస్‌వర్డ్ ఉంది కదా’ అనకండి. ఆ పాస్‌వర్డ్ రిసెప్షన్ గోడ మీద అంటించి ఉంటుంది. హాస్టల్‌లోని అరవై మందికీ, కిందటేడు ఖాళీ చేసి వెళ్లినవాళ్లకీ అది తెలుసు.

గుర్తుపెట్టుకోవాల్సిన కొలమానం ఒక్కటే. ఆ వైఫైలో మీతో పాటు ఎవరెవరున్నారో మీకు పేరుపేరునా తెలియకపోతే అది పబ్లిక్ వైఫైయే.

నెట్‌లో వెళ్లే డేటా భయం ఎంతవరకు నిజం?

ఒకప్పుడు చాలా నిజం. 2010 అక్టోబరులో ‘ఫైర్‌షీప్’ అనే చిన్న ప్రోగ్రామ్ వచ్చింది. ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్‌లో దాన్ని వేసుకుంటే, పాస్‌వర్డ్ లేని వైఫైలో పక్కన కూర్చున్నవాళ్ల ఫేస్‌బుక్ ఖాతాలోకి ఒక్క క్లిక్‌తో వెళ్లిపోవచ్చు. అప్పట్లో చాలా వెబ్‌సైట్లు లాగిన్ పేజీని మాత్రమే ఎన్‌క్రిప్ట్ చేసి, తర్వాతి పేజీలను అలాగే వదిలేసేవి. ఈ లోపం ఎంత ప్రమాదకరమో అందరికీ చూపించడానికే ఆ ప్రోగ్రామ్‌ను విడుదల చేశారు.

తర్వాత పరిస్థితి మారింది. ఇప్పుడు మీరు రోజూ వాడే బ్యాంకులు, మెయిల్, ప్రభుత్వ పోర్టళ్లు దాదాపు అన్నీ హెచ్‌టీటీపీఎస్ పద్ధతిలో నడుస్తున్నాయి. అంటే మీ లాప్‌టాప్ నుంచి ఆ వెబ్‌సైట్ దాకా సమాచారం ఎన్‌క్రిప్ట్ అయ్యే వెళ్తుంది. మధ్యలో వైఫైని గమనించేవారికి మీరు ఏ సైటుకు వెళ్లారో తెలియవచ్చు గానీ, అక్కడ ఏం టైప్ చేశారో కనిపించదు. బ్రౌజర్‌లో ‘మీ కనెక్షన్ ప్రైవేట్ కాదు’ అన్న హెచ్చరిక వచ్చినా పట్టించుకోకుండా ముందుకు వెళ్తే మాత్రం ఈ రక్షణ ఉండదు.

అయితే హెచ్‌టీటీపీఎస్ కాపాడేది ప్రయాణంలో ఉన్న సమాచారాన్నే. లాప్‌టాప్‌లో కదలకుండా ఉన్న షేర్డ్ ఫోల్డర్‌తో దానికి సంబంధం లేదు.

పక్కవాళ్ల కంప్యూటర్‌కు నా ఫోల్డర్ ఎలా కనిపిస్తుంది?

ఒకే వైఫైకి కనెక్ట్ అయిన పరికరాలన్నీ ఒకే అపార్ట్‌మెంట్‌లోని ఫ్లాట్ల లాంటివి. బయటి వీధిలోకి అంటే ఇంటర్నెట్‌లోకి వెళ్లడానికి రౌటర్ అనే గేటు ఒకటే. కానీ ఒక ఫ్లాట్ నుంచి ఇంకో ఫ్లాట్ తలుపు దాకా వెళ్లడానికి గేటు దాటక్కర్లేదు. లోపలి కారిడార్ చాలు.

ఇంట్లో లాప్‌టాప్ నుంచి వేరే గదిలో ప్రింటర్‌కు ప్రింట్ ఇవ్వగలుగుతున్నామంటే ఈ కారిడార్ వల్లే. విండోస్ కంప్యూటర్లు ఇలా ఫోల్డర్లు, ప్రింటర్లు పంచుకోవడానికి ‘ఎస్ఎంబీ’ అనే పద్ధతిని వాడతాయి. అది 445 నంబరు పోర్టులో పనిచేస్తుంది. మీరు ఫైల్ షేరింగ్ ఆన్ చేశారంటే ఆ పోర్టు దగ్గర మీ కంప్యూటర్ ‘ఎవరు కావాలి?’ అంటూ నిలబడుతుంది. అడిగింది ఇంట్లోవాళ్లా, స్టేషన్‌లో పక్క బెంచీ వాళ్లా అన్నది దానికి తెలియదు.

బాగా నిర్వహించే పబ్లిక్ వైఫైలలో ఒక పరికరం మరోదాన్ని చూడకుండా రౌటర్‌లోనే అడ్డుకట్ట వేస్తారు. దీన్ని ‘క్లయింట్ ఐసొలేషన్’ అంటారు. అది ఉంటే కారిడార్ మూసేసినట్టే. చిక్కేమిటంటే, మీరు కూర్చున్న కాఫీ షాపులో అది ఉందో లేదో చెప్పే బోర్డు ఉండదు. ఇంట్లో వాడే మామూలు రౌటర్‌నే తెచ్చి పెట్టే చిన్న హోటళ్లు, హాస్టళ్లలో ఆ సెట్టింగ్ జోలికి ఎవరూ వెళ్లకపోవచ్చు కూడా. అందుకే తలుపు మన వైపు నుంచి వేసుకోవాలి.

ఇంకో సంగతి. షేర్డ్ ఫోల్డర్‌లోని ఫైలును ఎవరైనా కాపీ చేసుకుంటే మీకు మెసేజ్ రాదు, గంట మోగదు. ఫైలు ఎక్కడిదక్కడే ఉంటుంది. ఫోన్ పోతే వెంటనే తెలుస్తుంది, ఫైలు కాపీ అయితే తెలియదు. అందుకే ఇన్నాళ్లూ ఏమీ కాలేదు కదా అన్న ధీమా ఇక్కడ పనికిరాదు.

‘వానాక్రై’ నేర్పిన పాఠం

ఈ పోర్టు ఎంత పెద్ద దారో ప్రపంచానికి 2017 మే 12న తెలిసింది. ఆ రోజు మొదలైన ‘వానాక్రై’ రాన్సమ్‌వేర్ 150 దేశాల్లో 2 లక్షలకు పైగా కంప్యూటర్లను తాకింది. ఫైళ్లకు తాళం వేసి, తీయాలంటే బిట్‌కాయిన్లు కట్టమంది. బ్రిటన్‌లో ఆసుపత్రుల సేవలు ఆగిపోయాయి. ఆంధ్రప్రదేశ్‌లోనూ కొన్ని జిల్లాల్లో పోలీసు శాఖ కంప్యూటర్లు దెబ్బతిన్నాయి.

అది ఎవరో తప్పుడు లింకు నొక్కినందువల్ల వ్యాపించలేదు. ఫైల్ షేరింగ్‌కు వాడే ఎస్ఎంబీ పాత వెర్షన్‌లోని లోపం గుండా ఒక కంప్యూటర్ నుంచి అదే నెట్‌వర్క్‌లోని ఇంకో కంప్యూటర్‌కు తనంతట తానే పాకింది. ఆ లోపాన్ని సరిచేసే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ మార్చి 14నే విడుదల చేసింది. అంటే దాదాపు రెండు నెలల ముందే. వేసుకున్నవాళ్లు బయటపడ్డారు. ‘తర్వాత చూద్దాం’ అన్నవాళ్లు చిక్కుకున్నారు.

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసిందన్నది ఇక్కడ గుర్తుచేసుకోవాలి. మీ లాప్‌టాప్ ఇంకా దానిమీదే నడుస్తుంటే, విండోస్ 11కు మారడమో, పొడిగించిన భద్రతా అప్‌డేట్లకు నమోదు చేసుకోవడమో చేయండి. అప్పటిదాకా దాన్ని పబ్లిక్ వైఫైకి తీసుకెళ్లకపోవడమే మంచిది.

విండోస్ లాప్‌టాప్‌లో ఏం చేయాలి?

కింది పనులన్నీ ఇంట్లో కూర్చుని పది నిమిషాల్లో పూర్తి చేయొచ్చు.

1. నెట్‌వర్క్ రకం చూడండి. విండోస్ ప్రతి వైఫైని పబ్లిక్, ప్రైవేట్ అని రెండు రకాలుగా గుర్తుపెట్టుకుంటుంది. ప్రైవేట్ అంటే ‘ఇక్కడున్నది నా వాళ్లే, నన్ను చూడొచ్చు’ అని చెప్పినట్టు. పబ్లిక్ అంటే ‘నేను ఎవరికీ కనిపించకూడదు’ అని. వైఫైకి కనెక్ట్ అయ్యాక సెట్టింగ్స్‌లో ‘నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్’, అందులో ‘వైఫై’, ఆ వైఫై ‘ప్రాపర్టీస్’ తెరవండి. ఇల్లు తప్ప మిగతా అన్నిచోట్లా ‘పబ్లిక్’ ఉండాలి. పేరు చూసి తికమకపడకండి. ఇక్కడ పబ్లిక్ అని ఎంచుకుంటేనే భద్రత ఎక్కువ.

2. ‘అందరికీ ఆన్’ చేశారేమో చూడండి. ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో ‘నెట్‌వర్క్’ మీద నొక్కినప్పుడు షేరింగ్ ఆఫ్‌లో ఉంటే విండోస్ ఒక ప్రశ్న అడుగుతుంది. ఈ ఒక్క నెట్‌వర్క్‌ను ప్రైవేట్‌గా మార్చాలా, లేక అన్ని పబ్లిక్ నెట్‌వర్కుల్లోనూ షేరింగ్ ఆన్ చేయాలా అని. ప్రింటర్ పనిచేస్తే చాలన్న తొందరలో రెండోది నొక్కేసి ఉంటే, అప్పటి నుంచి మీరు వెళ్లిన ప్రతి కాఫీ షాపులోనూ మీ లాప్‌టాప్ తలుపు తెరిచే ఉందన్నమాట. విండోస్ 11లో ‘అడ్వాన్స్‌డ్ నెట్‌వర్క్ సెట్టింగ్స్’లోని ‘అడ్వాన్స్‌డ్ షేరింగ్ సెట్టింగ్స్’కు వెళ్లండి. ‘పబ్లిక్ నెట్‌వర్క్స్’ కింద ‘నెట్‌వర్క్ డిస్కవరీ’, ‘ఫైల్ అండ్ ప్రింటర్ షేరింగ్’ రెండూ ఆఫ్‌లో ఉండాలి. విండోస్ 10లో ఇవే కంట్రోల్ ప్యానెల్‌లోని ‘నెట్‌వర్క్ అండ్ షేరింగ్ సెంటర్’లో ఉంటాయి.

3. పాస్‌వర్డ్ అడిగేలా పెట్టండి. అదే పేజీలో ‘ఆల్ నెట్‌వర్క్స్’ కింద ‘పాస్‌వర్డ్ ప్రొటెక్టెడ్ షేరింగ్’ కనిపిస్తుంది. ఇది ఆన్‌లో ఉండాలి. ఆఫీసుల్లో ప్రింటర్ కనెక్ట్ కానప్పుడు సర్వీసుకు వచ్చినవాళ్లు మొదట ఆఫ్ చేసేది తరచూ దీన్నే. పని అవుతుంది, వాళ్లు వెళ్లిపోతారు, అది మాత్రం అలాగే ఉండిపోతుంది. ‘పబ్లిక్ ఫోల్డర్ షేరింగ్’ను ఆఫ్ చేసేయండి.

4. ఏమేం షేర్ అయి ఉన్నాయో లెక్క చూడండి. విండోస్ కీ, ఆర్ కీ కలిపి నొక్కితే చిన్న బాక్సు వస్తుంది. అందులో రెండు బ్యాక్‌స్లాష్‌లు కొట్టి, పక్కనే ఖాళీ లేకుండా లోకల్‌హోస్ట్ అని ఇంగ్లిష్‌లో టైప్ చేసి ఎంటర్ నొక్కండి. మీ కంప్యూటర్ నుంచి షేర్ అయిన ఫోల్డర్లు, ప్రింటర్లు కనిపిస్తాయి. అక్కర్లేని ఫోల్డర్ ఉంటే, అది అసలు ఉన్నచోటికి వెళ్లి కుడి క్లిక్ చేసి ‘ప్రాపర్టీస్’, ‘షేరింగ్’, ‘అడ్వాన్స్‌డ్ షేరింగ్’ తెరిచి ‘షేర్ దిస్ ఫోల్డర్’ పక్కన టిక్ తీసేయండి. షేరింగ్ తప్పనిసరైతే అనుమతుల జాబితాలో ‘ఎవ్రీవన్’ను తీసేసి, అవసరమైన వ్యక్తి పేరు మాత్రమే చేర్చండి. చూస్తే చాలు అనుకునేవాళ్లకు ‘రీడ్’ ఇవ్వండి, ‘ఫుల్ కంట్రోల్’ వద్దు.

5. పాత ఎస్ఎంబీని తీసేయండి. కంట్రోల్ ప్యానెల్‌లోని ‘టర్న్ విండోస్ ఫీచర్స్ ఆన్ ఆర్ ఆఫ్’ జాబితాలో ‘ఎస్ఎంబీ 1.0’ పక్కన టిక్ ఉంటే తీసేయండి. వానాక్రై పాకింది దీన్ని పట్టుకునే.

విండోస్ ఫైర్‌వాల్ ఎప్పుడూ ఆన్‌లోనే ఉండాలని వేరే చెప్పక్కర్లేదు. ఏదో సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ కావడం లేదని ఎప్పుడైనా ఆఫ్ చేసి ఉంటే, మళ్లీ ఆన్ చేశారా అన్నది ఒకసారి చూడండి.

మ్యాక్ వాడేవాళ్లు

సిస్టమ్ సెట్టింగ్స్‌లో ‘జనరల్’, అందులో ‘షేరింగ్’ తెరవండి. ‘ఫైల్ షేరింగ్’ ఆఫ్ చేయండి. అది ఆన్‌లో ఉంటే, మీరు విడిగా ఏ ఫోల్డరూ షేర్ చేయకపోయినా ‘పబ్లిక్’ అనే ఫోల్డర్ బయటికి తెరిచి ఉంటుంది. తర్వాత ‘నెట్‌వర్క్’లోని ‘ఫైర్‌వాల్’ ఆన్ చేయండి. ప్రయాణాల్లో ఉన్నప్పుడు దాని ‘ఆప్షన్స్’లో ‘బ్లాక్ ఆల్ ఇన్‌కమింగ్ కనెక్షన్స్’ ఎంచుకుంటే ఇంకా మంచిది.

ఫోన్‌కు ఈ గొడవ లేదా?

మామూలుగా తక్కువే. కానీ ఫైల్ మేనేజర్ యాప్‌లతో జాగ్రత్త. 2019 జనవరిలో ‘ఈఎస్ ఫైల్ ఎక్స్‌ప్లోరర్’లో బయటపడిన లోపమే దీనికి ఉదాహరణ. 10 కోట్లకు పైగా ఇన్‌స్టాల్ అయిన ఆ ఆండ్రాయిడ్ యాప్ తెరిచినప్పుడల్లా, వాడేవాళ్లకు తెలియకుండా వెనక ఒక చిన్న సర్వర్ నడిచేది. అదే వైఫైలో ఉన్న ఎవరైనా దాని ద్వారా ఫోన్‌లోని ఫొటోలు, ఫైళ్ల జాబితా చూసి దించుకునే వీలుండేది. తర్వాత అప్‌డేట్‌తో దాన్ని సరిచేశారు. 2020 జూన్‌లో కేంద్రం నిషేధించిన 59 యాప్‌లలో షేర్‌ఇట్, జెండర్‌తో పాటు ఇదీ ఉంది.

ఇప్పటికీ చాలా ఫైల్ మేనేజర్లలో ఫోన్ నుంచి కంప్యూటర్‌కు ఫైళ్లు పంపడానికి ‘ఎఫ్‌టీపీ’ ఆప్షన్ ఉంటుంది. దాన్ని ఆన్ చేస్తే, పాస్‌వర్డ్ పెట్టకపోతే ఆ వైఫైలో ఎవరైనా మీ ఫోన్ స్టోరేజీ తెరవొచ్చు. పని కాగానే ఆఫ్ చేయండి. పబ్లిక్ వైఫైలో అసలు ఆన్ చేయకండి.

ఐఫోన్‌లో ఎయిర్‌డ్రాప్, ఆండ్రాయిడ్‌లో క్విక్ షేర్ ద్వారా మీ ఫైళ్లను ఎవరూ లాక్కోలేరు. వాళ్లు మీకు పంపడానికి మాత్రమే ప్రయత్నించగలరు. అయినా అపరిచితుల నుంచి అక్కర్లేని ఫొటోలు, ఫైళ్లు రాకుండా రెండింటినీ ‘కాంటాక్ట్స్’ వరకే పరిమితం చేయండి.

ఆధార్ పీడీఎఫ్‌కు పాస్‌వర్డ్ ఉంది కదా?

ఉంది. కానీ అది ఏమిటో అందరికీ తెలుసు. ఇంగ్లిష్‌లో మీ పేరులోని మొదటి 4 అక్షరాలు క్యాపిటల్‌లో, పక్కన పుట్టిన సంవత్సరం. ఫైలు దొరికినవాళ్లకు ఈ రెండూ కనుక్కోవడం ఎంతసేపు? చాలామంది ఫైలుకు తమ పేరే పెట్టుకుంటారు. పుట్టిన తేదీ పక్కనే ఉన్న పదో తరగతి మెమోలో ఉంటుంది. తాళం వేసి, తాళంచెవి దాని పక్కనే వేలాడదీసినట్టే.

అందుకే ఇలాంటి పత్రాలను లాప్‌టాప్‌లో ఉంచుకోవాల్సి వస్తే రెండు పనులు చేయండి. మొదటిది, ఉడాయ్ వెబ్‌సైట్ నుంచి ‘మాస్క్‌డ్ ఆధార్’ దించుకోండి. అందులో చివరి 4 అంకెలే కనిపిస్తాయి. పూర్తి నంబరు కచ్చితంగా కావాలన్న చోట తప్ప ఇది సరిపోతుంది. రెండోది, మిగతా పత్రాలన్నీ ఒక ఫోల్డర్‌లో వేసి ‘సెవెన్-జిప్’ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ఏఈఎస్-256 ఎన్‌క్రిప్షన్ ఎంచుకుని, మీ సొంత పాస్‌వర్డ్‌తో ఒకే ఫైలుగా చుట్టేయండి. తర్వాత విడివిడి ఫైళ్లు తీసేయండి. పాస్‌వర్డ్ కాస్త పొడవుగా, మీ పేరుతో, పుట్టినరోజుతో సంబంధం లేకుండా ఉండాలి.

‘మా లాప్‌టాప్‌లో బిట్‌లాకర్ ఉంది’ అని కొందరు అనొచ్చు. అది లాప్‌టాప్ దొంగతనానికి గురైనప్పుడు కాపాడుతుంది. మీరు లాగిన్ అయి పనిచేస్తున్నప్పుడు తాళం తీసే ఉంటుంది కాబట్టి, షేర్డ్ ఫోల్డర్‌కు దానివల్ల అదనపు రక్షణ ఏమీ రాదు.

క్లౌడ్‌లో పెడితే సరిపోతుందా?

చాలావరకు మంచి మార్గమే. గూగుల్ డ్రైవ్, వన్‌డ్రైవ్ లాంటివి హెచ్‌టీటీపీఎస్ మీదే నడుస్తాయి. పక్కవాళ్లు మీ లాప్‌టాప్ తలుపు తట్టాల్సిన పనే ఉండదు. అయితే ‘లింక్ ఉన్న ఎవరైనా’ చూడొచ్చు అన్న ఆప్షన్ పెట్టి వాట్సాప్ గ్రూపులో లింక్ వేశారా, ఆ గ్రూపు నుంచి అది ఎక్కడెక్కడికి పోతుందో చెప్పలేం. మెయిల్ ఐడీ ఇచ్చి, ఆ మనిషికి మాత్రమే అనుమతి ఇవ్వండి. పని అయ్యాక తీసేయండి. ఖాతాకు రెండంచెల ధ్రువీకరణ పెట్టుకోండి. ప్రభుత్వం జారీచేసిన పత్రాలకైతే డిజీలాకర్ ఉండనే ఉంది. వాటి కాపీలు లాప్‌టాప్ నిండా పోగేసుకోవాల్సిన అవసరం తగ్గుతుంది.

పేరు ఒకటే, వైఫై వేరు

వైఫైకి పేరు ఎవరైనా, ఏదైనా పెట్టుకోవచ్చు. స్టేషన్ వైఫై పేరునే తన హాట్‌స్పాట్‌కు పెట్టుకుని పక్క బెంచీలో ఎవరైనా కూర్చుంటే మీ ఫోన్‌కు తేడా తెలియదు. విమానాశ్రయాల్లో, విమానాల్లో ఇలాంటి నకిలీ వైఫైలు పెట్టి జనం లాగిన్ వివరాలు రాబట్టాడన్న అభియోగంపై ఆస్ట్రేలియా పోలీసులు 2024లో ఒక వ్యక్తిపై కేసు పెట్టారు. పెర్త్, మెల్‌బోర్న్, అడిలైడ్ విమానాశ్రయాలు ఆ జాబితాలో ఉన్నాయి.

ఇక్కడ షేరింగ్‌కు సంబంధించిన చిక్కు ఒకటుంది. నకిలీ వైఫై పెట్టినవాళ్లు క్లయింట్ ఐసొలేషన్ పెట్టరు. మిమ్మల్ని చూడటమే వాళ్లకు కావాలి. కాబట్టి ఈ జాగ్రత్తలు పాటించండి:

● పాత వైఫైలకు దానంతటదే కనెక్ట్ అయ్యే ‘ఆటో కనెక్ట్’ను ఆఫ్ చేయండి. పని అయ్యాక ఆ నెట్‌వర్క్‌ను ‘ఫర్గెట్’ చేయండి.

● ఉచిత వైఫై లాగిన్‌కు మొబైల్ నంబరు, ఓటీపీ చాలు. మెయిల్ పాస్‌వర్డ్ అడిగినా, ఏదైనా ఫైలో, సర్టిఫికెట్టో ఇన్‌స్టాల్ చేయమన్నా వెంటనే బయటికి వచ్చేయండి.

● ఒకే పేరుతో రెండు వైఫైలు కనిపిస్తే కౌంటర్‌లో అడిగి తెలుసుకోండి. అడిగేందుకు ఎవరూ లేకపోతే రెండూ వదిలేయండి.

వీపీఎన్ ఉంటే ఇవన్నీ అక్కర్లేదా?

ఇది చాలామందికి ఉన్న అపోహ. వీపీఎన్ మీ లాప్‌టాప్ నుంచి ఇంటర్నెట్‌కు వెళ్లే సమాచారానికి ఒక సొరంగం వేస్తుంది. అపార్ట్‌మెంట్ ఉదాహరణలో చెప్పాలంటే, మీరు గేటు దాటి వెళ్లే దారికి కప్పు వేస్తుంది. లోపలి కారిడార్‌లో మీ ఫ్లాట్ తలుపు తెరిచి ఉంటే అది తెరిచే ఉంటుంది. కొన్ని వీపీఎన్‌లలో స్థానిక నెట్‌వర్క్‌ను అడ్డుకునే సెట్టింగ్ ఉంటుంది, దాన్ని విడిగా ఆన్ చేయాలి. ఆఫీసు వీపీఎన్ ఇచ్చి ఉంటే తప్పకుండా వాడండి. కానీ షేరింగ్ ఆఫ్ చేయడానికి అది ప్రత్యామ్నాయం కాదు.

అన్నిటికన్నా తేలికైన మార్గం మీ జేబులోనే ఉంది. ముఖ్యమైన ఫైళ్లతో పని ఉన్నప్పుడు సొంత ఫోన్ హాట్‌స్పాట్ వాడండి. దానికి గట్టి పాస్‌వర్డ్ పెట్టి, ఎవరికీ ఇవ్వకపోతే ఆ కారిడార్‌లో మీరొక్కరే ఉంటారు.

ఇప్పటికే జరిగిపోయిందన్న అనుమానం ఉంటే?

ముందు వైఫై ఆపండి. తెలియని ఫైళ్లు కనిపిస్తే తొందరపడి చెరిపేయకండి, స్క్రీన్‌షాట్లు తీసుకోండి. సాక్ష్యంగా పనికొస్తాయి. ఆ ఫోల్డర్‌లో ఏమేం ఉన్నాయో ఒక కాగితం మీద రాసుకోండి. తర్వాత ఏం చేయాలో ఆ జాబితాయే చెబుతుంది.

● పాస్‌వర్డులు రాసుకున్న ఫైలు ఉంటే, వేరే పరికరం నుంచి, మీ సొంత డేటాతో వాటిని మార్చండి. ముందు మెయిల్, తర్వాత బ్యాంకు. ‘అన్ని పరికరాల నుంచి లాగౌట్’ నొక్కండి.

● ఆధార్ ఉంటే, ఉడాయ్ వెబ్‌సైట్‌లో గానీ ఎంఆధార్ యాప్‌లో గానీ బయోమెట్రిక్ లాక్ చేయండి. సాయానికి 1947 నంబరు ఉంది.

● డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కు ఫోన్ చేయండి. జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లోనూ ఫిర్యాదు నమోదు చేయండి. బ్యాంకుకు కూడా వెంటనే చెప్పాలి. మీ తప్పు గానీ బ్యాంకు తప్పు గానీ లేని మోసాల్లో 3 పని దినాల్లోపు తెలియజేస్తే ఖాతాదారు నష్టం భరించక్కర్లేదని 2017 నాటి ఆర్‌బీఐ నిబంధనలు చెబుతున్నాయి.

● వేరేవాళ్ల పత్రాలు మీ దగ్గర ఉండి ఉంటే వాళ్లకు చెప్పండి. ఇబ్బందిగానే ఉంటుంది. కానీ వాళ్లు జాగ్రత్తపడే అవకాశం పోగొట్టకూడదు.

తలుపు తెరిచి ఉన్నంత మాత్రాన లోపలికి వచ్చే హక్కు ఎవరికీ లేదు. యజమాని అనుమతి లేకుండా కంప్యూటర్‌లోకి వెళ్లడం, ఫైళ్లు కాపీ చేసుకోవడం ఐటీ చట్టం సెక్షన్ 43 కిందికి వస్తుంది. దురుద్దేశంతో చేస్తే సెక్షన్ 66 ప్రకారం మూడేళ్ల వరకు జైలు, 5 లక్షల రూపాయల వరకు జరిమానా లేదా రెండూ పడొచ్చు.

బయల్దేరే ముందు రెండు నిమిషాలు

ఊరికి వెళ్తుంటే గ్యాస్ కట్టేశామా, తాళం వేశామా అని ఒకటికి రెండుసార్లు చూసుకుంటాం. లాప్‌టాప్ బ్యాగులో పెట్టే ముందు కూడా నాలుగు ప్రశ్నలు వేసుకుంటే చాలు.

పబ్లిక్ నెట్‌వర్కుల్లో షేరింగ్ ఆఫ్‌లో ఉందా? ఏయే ఫోల్డర్లు షేర్ అయి ఉన్నాయో చూశానా? అప్‌డేట్లు వేశానా? ఆధార్, పాన్ లాంటివి విడిగా తాళంలో ఉన్నాయా?

నాలుగింటికీ ‘అవును’ అన్న జవాబు వస్తే స్టేషన్ వైఫై నిశ్చింతగా వాడుకోండి. అది మనకోసం పెట్టిన సౌకర్యమే. ఒక్కదానికి ‘తెలియదు’ అన్న జవాబు వచ్చినా, ఈ రోజు రాత్రే ఇంట్లో లాప్‌టాప్ తెరిచి చూడండి. ఇంట్లో పెద్దవాళ్ల లాప్‌టాప్ ఉంటే, దాన్నీ ఒకసారి చూసిపెట్టండి. మీ పత్రాల కాపీలు అందులోనూ ఉండే ఉంటాయి.